సైకిల్, బైక్ అల్యూమినియం పార్టుల మీది ఆనోడైజింగ్‌ను ఇంట్లోనే తీయడం ఎలా

ఆనోడైజ్ చేసిన పార్టును కాస్టిక్ సోడా నీళ్లలో ఎంతసేపు ఉంచాలి? అందరూ మొదట అడిగేది ఇదే. కానీ గడియారాన్ని నమ్ముకున్నవాళ్లే ఎక్కువగా పార్టులు పాడుచేసుకుంటారు. ఒకే రంగు పార్టులు రెండు పక్కపక్కనే ముంచినా ఒకదాని పొర నాలుగు నిమిషాల్లో పోవచ్చు, రెండోదానికి పన్నెండు నిమిషాలు పట్టొచ్చు. చూడాల్సింది బుడగల్ని.

ఎందుకంటే ఆనోడైజింగ్ పైన పూసిన పెయింటు కాదు. యాసిడ్ తొట్టిలో కరెంటు పంపి, అల్యూమినియం పైపొరనే ఆక్సైడ్‌గా మారుస్తారు. రంగు పార్టుల మీద ఈ పొర మందం మామూలుగా 5 నుంచి 25 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). హార్డ్ ఆనోడైజింగ్ అయితే 50 దాకా, ఒక్కోసారి ఇంకా ఎక్కువ ఉంటుంది. కాస్టిక్ సోడా ఈ ఆక్సైడ్‌ను కరిగిస్తుంది, ఆ తర్వాత ఆగకుండా కిందున్న అల్యూమినియాన్ని కూడా తింటుంది. ఆక్సైడ్ కరిగేటప్పుడు గ్యాస్ రాదు. లోహం కరిగేటప్పుడు హైడ్రోజన్ వస్తుంది. బుడగ కనబడిన చోట పొర అయిపోయి లోహం పోతోందన్నమాట.

కాస్టిక్ ఎందుకు, ఎమరీ పేపర్‌తో రుద్దేస్తే పోదా? పోతుంది, భుజాలు కూడా పోతాయి. చాలా ఎమరీ పేపర్ల మీద అంటించే పలుకులు కూడా అల్యూమినియం ఆక్సైడే. ఈ పొర కూడా వట్టి అల్యూమినియం కన్నా చాలా గట్టిది కాబట్టి సందులున్న పార్టు మీద ఒక పూట రుద్దినా సగం రంగు అలాగే ఉంటుంది.

1. ఏవి చేయొచ్చు, ఏవి ముట్టుకోకూడదు

చేయదగ్గవి:

- సైకిల్ స్టెమ్ పైమూత, స్పేసర్లు, సీట్‌పోస్ట్ క్లాంప్, బాటిల్ కేజ్
- బేరింగులు తీసేసిన పెడల్ బాడీ, హబ్ షెల్
- లోపల చిక్కుకునే బోలు లేని క్రాంక్ ఆర్మ్
- బైక్ బార్ ఎండ్లు, మిర్రర్ స్టెమ్‌లు, ఫుట్‌పెగ్‌లు, ఆయిల్ ఫిల్లర్ క్యాప్
- బిల్లెట్ (గట్టి లోహపు దిమ్మ) నుంచి కోసిన క్లచ్, బ్రేక్ లివర్లు, పివట్ బుష్ తీశాక మాత్రమే

వదిలేయాల్సినవి:

- ఫోర్క్ స్టాంషన్లు (ఫోర్క్‌లో జారే పై గొట్టాలు), షాక్ అబ్సార్బర్ బాడీలు. అక్కడి హార్డ్ ఆనోడైజింగ్ అందానికి పెట్టింది కాదు, సీల్ జారేది దాని మీదే.
- మాస్టర్ సిలిండర్, కాలిపర్. పిస్టన్ కదిలే బోర్ పెరిగినా, గరుకైనా సీల్ సరిగ్గా పట్టదు.
- హ్యాండిల్‌బార్, సైకిల్ స్టెమ్ బాడీ. కాస్టిక్ వదిలిన సన్నని గుంటల్లోంచే పగులు మొదలవుతుంది. బార్ విరిగితే ముందు నేలకు తగిలేది మొహం.
- కార్బన్ ఫైబర్‌కు అంటించిన అల్యూమినియం భాగాలు.
- సైకిల్ ఫ్రేమ్. ట్యూబుల లోపలికి పోయిన కాస్టిక్‌ను పూర్తిగా కడగడం ఇంట్లో అయ్యే పని కాదు.
- రిమ్ బ్రేక్ ఉన్న రిమ్‌లు.

చైన్‌రింగ్ మధ్యస్థం. తీయొచ్చు గానీ పళ్ల మీది గట్టి పొర పోతుంది, అరుగుదల పెరుగుతుంది, చైన్ మసి కూడా ఎక్కువవుతుంది. షెల్ఫ్ మీద పెట్టుకునే సైకిల్‌కైతే పర్లేదు, రోజూ తొక్కేదానికి వద్దు.

ఇంకో మాట. తీసేసి మళ్లీ వేరే రంగు ఆనోడైజింగ్ చేయించే ఆలోచన ఉంటే ఇంట్లో ముట్టుకోకండి. ఆ పని చేసేవాళ్లు ఎలాగూ తమ తొట్టిలో పాత పొర తీసి, మళ్లీ ఎచింగ్ చేస్తారు, అంటే పైపైన లోహాన్ని కరిగిస్తారు. మీరొకసారి, వాళ్లొకసారి తినిపిస్తే థ్రెడ్లు వదులవుతాయి.

2. అది నిజంగా ఆనోడైజింగేనా?

కంపెనీ నుంచి వచ్చే బైక్ లివర్లలో చాలావాటి మీద ఉండేది పెయింటు లేదా పౌడర్ కోటింగ్. దాన్ని కాస్టిక్‌లో వేస్తే గీత పడిన చోట మాత్రం లోపలికి దూరి గుంట తవ్వుతుంది, మిగతా పెయింటు అలాగే ఉంటుంది. కాబట్టి ముందు ఈ నాలుగు పరీక్షలు.

1. అయస్కాంతం. అంటుకుంటే ఇనుము, పక్కన పెట్టండి.
2. అసిటోన్ తడిపిన దూది. ఒక నిమిషం ఆనించి రుద్దండి. దూదికి రంగు అంటినా, పైపొర మెత్తబడినా అది పెయింటు లేదా లాకర్ (వార్నిష్ లాంటి పూత). ఆనోడైజింగ్ చెక్కుచెదరదు.
3. మల్టీమీటర్. కంటిన్యుటీలో (కరెంటు పారితే బీప్ కొట్టే సెట్టింగ్) పెట్టి ప్రోబ్‌లను గుచ్చకుండా పక్కవాటుగా ఆనించండి. బీప్ వస్తే వట్టి లోహం. రాకపోతే ఆనోడైజింగో, పెయింటో ఉంది. రెండో, నాలుగో పరీక్షలతో కలిపి చూస్తే తేలిపోతుంది.
4. కంటితో. ఆనోడైజ్ రంగు కింద లోహపు తళుకు, మెషినింగ్ గీతలు కనబడతాయి. పెయింటు వాటిని కప్పేస్తుంది.

రంగురంగుల టైటానియం బోల్టులకు ఈ పద్ధతి పనిచేయదు. పోత పోసిన ఇంజిన్ కవర్ల లాంటివాటికీ వద్దు. వాటిలో సిలికాన్ చాలా ఎక్కువ, పది శాతం పైన కూడా ఉండొచ్చు. కాస్టిక్ చుట్టూ ఉన్న అల్యూమినియాన్ని తినేసి సిలికాన్‌ను వదిలేస్తుంది, పార్టు బొగ్గులా నల్లబడుతుంది.

ఆనోడైజింగ్ మీద క్లియర్ లాకర్ కూడా ఉంటే ముందు దాన్ని పెయింట్ రిమూవర్‌తో పూర్తిగా తీయాలి. లేకపోతే మచ్చలు మచ్చలుగా దిగుతుంది. లేజర్‌తో కొట్టిన లోగో ఆక్సైడ్ పొరలోనే ఉంటుంది కాబట్టి అది కూడా పోతుంది. లోగో కావాలనుకుంటే ఇక్కడే ఆగిపోండి.

3. దగ్గర పెట్టుకోవాల్సినవి

- కాస్టిక్ సోడా రేకులు, 120 గ్రాములు. సబ్బు తయారీ సరుకు అమ్మే కెమికల్ షాపుల్లో దొరుకుతుంది.
- మూడు లీటర్ల చల్లటి నీళ్లు
- అడుగున త్రికోణంలో 2 లేదా 5 అంకె ఉన్న ప్లాస్టిక్ బకెట్ ఒకటి, కనీసం ఆరు లీటర్లది
- కడగడానికి ఇంకో రెండు బకెట్లు, వీలైతే నీళ్లు పారుతున్న పైపు
- గ్రాముల త్రాసు. నగలు తూచే 0.01 గ్రాము త్రాసు ఉంటే ఇంకా మంచిది.
- వంటకు వాడని థర్మామీటర్, పీహెచ్ కాగితాలు
- ప్లాస్టిక్ జిప్ టైలు, ప్లాస్టిక్ గరిటె
- నిమ్మ ఉప్పు, పావు కిలో
- స్కాచ్ బ్రైట్, అంట్లు తోమే లిక్విడ్, పాత టూత్‌బ్రష్, సూది తీసేసిన సిరంజి
- పక్కలు కూడా మూసి ఉండే గాగుల్స్, మోచేతి దాకా వచ్చే రబ్బరు గ్లవ్స్, ఫుల్ హ్యాండ్స్ చొక్కా, ప్యాంటు, బూట్లు

జింకు పూసిన ఇనప బకెట్ వద్దు, అల్యూమినియం గిన్నె అసలే వద్దు. రెండింటినీ కాస్టిక్ తినేస్తుంది. కూల్‌డ్రింక్ బాటిల్ కోసి వాడటం కూడా మంచిది కాదు. ఆ ప్లాస్టిక్‌ను కాస్టిక్ నెమ్మదిగా పాడుచేస్తుంది.

డ్రెయిన్ క్లీనర్ పొడి చవకగా దొరుకుతుందని వాడకండి. వాటిలో కొన్నిటిలో కాస్టిక్‌తో పాటు వేడి పుట్టించడానికి అల్యూమినియం ముక్కలు కలుపుతారు. ద్రావణం ఎంత గాఢతో తెలీదు, వేడి మన చేతిలో ఉండదు. టాయిలెట్ క్లీనర్ అయితే వేరే జాతి, అది హైడ్రోక్లోరిక్ యాసిడ్. పొరను సమంగా కరిగించడం మానేసి గుంటలు తవ్వుతుంది.

అమెరికాలో ఉండేవాళ్లలో చాలామంది ఈ పనికి ఓవెన్ క్లీనర్ స్ప్రే వాడతారు. ఈజీ ఆఫ్ అనే బ్రాండులో పసుపు మూత హెవీ డ్యూటీ రకంలో కాస్టిక్ ఉంటుంది. నీలం మూత, వాసన రాని రకంలో ఉండదు. రెండోది కొట్టి గంటసేపు ఎదురుచూసేవాళ్లు ఎక్కువ. స్ప్రే మరకలు మరకలుగా దిగుతుంది గనక చిన్న పార్టులకు ముంచే పద్ధతే మేలు.

4. చోటు, జాగ్రత్తలు

ఆరుబయట, గాలి ఆడే చోట చేయాలి. బాత్‌రూమ్, మూసిన బాల్కనీ వద్దు. ఒక్క గ్రాము అల్యూమినియం కరిగితే లీటరు పైన హైడ్రోజన్ వస్తుంది. సిగరెట్, అగరొత్తి, గ్యాస్ పొయ్యి, గ్రైండర్ నిప్పురవ్వ, ఏదీ దగ్గర్లో ఉండకూడదు. పగిలే ప్రతి బుడగా సన్నని కాస్టిక్ తుంపర చిమ్ముతుంది. గొంతులో గరగర మొదలైతే గాలి వచ్చే వైపుకి జరగండి.

చర్మం మీద పడితే మొదట నొప్పి ఉండదు, వేళ్లు సబ్బు రాసినట్టు జారతాయి. ఆ జారుడే హెచ్చరిక. వెంటనే ధారగా పారే నీళ్ల కింద కనీసం 20 నిమిషాలు పెట్టండి. వెనిగర్, నిమ్మరసం పోయడం తప్పు. కంట్లో పడితే రెప్పలు తెరిచి పట్టుకుని కడగడం మొదలుపెట్టాలి, పక్కనున్నవాళ్లు 108కి ఫోన్ చేయాలి. క్షారం యాసిడ్ కంటే లోతుగా దిగుతుంది. కడిగాం కదా, మంట తగ్గింది కదా అని ఇంట్లో కూర్చోవద్దు. మామూలు కళ్లజోడు గాగుల్స్ కిందకి రాదు.

మొదలుపెట్టే ముందు:

- పైపు తిప్పి నీళ్లు వస్తున్నాయో లేదో చూశారా?
- పిల్లలు, పెంపుడు జంతువులు లోపలే ఉన్నారా?
- ఇంట్లో ఇంకా పెద్దవాళ్లెవరైనా ఉన్నారా?
- పార్టు తీసి వేయడానికి నీళ్ల బకెట్ చేతికందే దూరంలో ఉందా?

5. విప్పడం, జిడ్డు వదిలించడం, మూయడం

బోల్టులు, బేరింగులు, బుష్‌లు, రబ్బరు రింగులు, స్ప్రింగులు అన్నీ తీసేయండి. స్టీలును కాస్టిక్ ఏమీ చేయదు గానీ, అల్యూమినియానికి తాకుతున్న చోట లోహం తినడం వేగమవుతుంది. బేరింగ్ లోపలికి కాస్టిక్ దూరితే గ్రీజు పాడైపోతుంది.

జిడ్డు వదిలించడంలో బద్ధకిస్తే ఫలితం చివర్లో మచ్చల రూపంలో కనబడుతుంది. అంట్లు తోమే లిక్విడ్‌తో బ్రష్ పెట్టి రుద్ది, కడిగి, ఆరాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. తర్వాత పార్టు మీద నీళ్లు పోయండి. నీళ్లు పలచని పొరలా పరుచుకుంటే శుభ్రం. తామరాకు మీద చినుకుల్లా ముత్యాలు కడితే జిడ్డు ఇంకా ఉంది.

థ్రెడ్లను, బేరింగ్ కూర్చునే చోట్లను మూయాలి. థ్రెడ్ రంధ్రంలోకి టెఫ్లాన్ టేపు చుట్టిన ప్లాస్టిక్ బోల్టు బిగించండి. పెద్ద రంధ్రాలకు రబ్బరు బిరడాలు సరిపోతాయి. గ్రీజు నింపి మూసేద్దామనుకోవద్దు, కాస్టిక్ దాన్ని దాటుకుని లోపలికి పోతుంది.

చివరగా పార్టును ఆరబెట్టి తూచి, బరువు రాసుకోండి. దీని ఉపయోగం ఏడో మెట్టులో తెలుస్తుంది.

6. ద్రావణం కలపడం

లీటరుకు 40 గ్రాములు, అంటే మూడు లీటర్లకు 120 గ్రాములు. ఎక్కువ వేస్తే త్వరగా అవుతుంది నిజమే. కానీ బుడగలు మొదలయ్యాక మీకు దొరికే సమయం కూడా అంతే తగ్గుతుంది.

1. గాగుల్స్, గ్లవ్స్ వేసుకోండి. కలపడం అయ్యాక వేసుకుందాం అనుకోవద్దు, ఎక్కువ ప్రమాదాలు కలిపేటప్పుడే.
2. బకెట్‌లో ముందు నీళ్లు పోయండి.
3. కాస్టిక్ రేకులను నాలుగైదు విడతలుగా చల్లుతూ కలపండి. నీళ్లలో కాస్టిక్ వేయాలి, కాస్టిక్ మీద నీళ్లు పోయకూడదు. పోస్తే అక్కడికక్కడే మరిగి మొహం మీదికి చిమ్ముతుంది.
4. అడుగున రేకులు గడ్డకట్టకుండా పూర్తిగా కరిగే దాకా కలపండి.

ఈ పాళ్లలో నీళ్ల వేడి పది డిగ్రీల దాకా పెరుగుతుంది. మే నెలలో మేడ మీది ట్యాంకు నీళ్లు పడితే మొదలే 40 డిగ్రీలుంటాయి, కలిపాక 50 అవుతుంది. వేడి పది డిగ్రీలు పెరిగితే రసాయన చర్య వేగం సుమారు రెట్టింపవుతుందని ఒక లెక్క. ద్రావణం 25 నుంచి 35 డిగ్రీల మధ్యకి చల్లారాకే పార్టు దించండి. ఎండాకాలం అయితే తెల్లవారుజామున చేయడం మేలు.

బకెట్ సగానికి మించి నిండకూడదు. నురగ పైకి వస్తుంది.

7. ముంచడం

పార్టుకు జిప్ టై కట్టి, ద్రావణంలో పూర్తిగా మునిగేలా, బకెట్ గోడకి తగలకుండా దించండి. ఒకేసారి ఒక్క పార్టే. గుంట ఉన్న వైపు పైకి ఉంచి, ఒకసారి గుండ్రంగా తిప్పండి. లోపల గాలి బుడగ చిక్కుకుంటే అక్కడ రంగు అలాగే మిగిలిపోతుంది.

కనబడేది ఇదీ, వరుసగా:

మొదటి ఒకటి రెండు నిమిషాలు ఏమీ జరగదు. కాస్టిక్ పాతదేమో అనిపిస్తుంది. ఇంకో గుప్పెడు వేయబుద్ధవుతుంది. వేయకండి.

ఆ తర్వాత రంగు పలచబడుతుంది. ఎరుపు గులాబీ రంగుకి తిరుగుతుంది. నలుపు ఒక్కోసారి గోధుమ రంగు మీదుగానో, ఊదా మీదుగానో వెళుతుంది. ఒక్కోసారి రంగు పొగలా నీళ్లలోకి దిగుతుంది.

అంచుల దగ్గర ముందుగా సన్నని బుడగలు లేస్తాయి. మూలలు, పాత గీతలు, చెక్కిన అక్షరాల అంచులు, ఇవే ముందు తెరుచుకుంటాయి. గాజు గ్లాసులో పోసిన సోడా లాగా సన్నగా ఉంటాయి.

బుడగలు ఒంటినిండా పాకాక పని అయిపోయింది. ఇక్కడి నుంచి పదిహేను, ఇరవై సెకన్లే మీవి. తీసి వెంటనే నీళ్ల బకెట్‌లో ముంచండి.

అలంకార ఆనోడైజింగ్ సాధారణంగా 3 నుంచి 15 నిమిషాల్లో దిగుతుంది, హార్డ్ ఆనోడైజింగ్ ఇంకా ఎక్కువసేపు పడుతుంది. కాబట్టి మొదటి రెండు నిమిషాల తర్వాత ప్రతి అరనిమిషానికీ పైకెత్తి చూడండి. ఈలోపు ఫోన్ మోగితే మోగనివ్వండి.

సగం పార్టు బుడగలు కక్కుతూ మిగతా సగం రంగుతో ఉంటే అలాగే ఉంచేయాలనిపిస్తుంది. అది తప్పు. తీసి, కడిగి, స్కాచ్ బ్రైట్‌తో రుద్ది, జిడ్డు మళ్లీ వదిలించి, ఒక్కో నిమిషం చొప్పున మళ్లీ ముంచండి. మిగిలిన రంగు రవ్వంతే అయితే దాన్ని ఎమరీతోనే తీసేయొచ్చు. ఆ రవ్వ కోసం పార్టు మొత్తాన్ని తినిపించడం నష్టం.

బరువు లెక్క. ఇక్కడే త్రాసు పనికొస్తుంది. వంద చదరపు సెంటీమీటర్ల ఉపరితలం మీద 10 నుంచి 15 మైక్రాన్ల పొర బరువు సుమారు 0.3 నుంచి 0.45 గ్రాము. కడిగి ఆరబెట్టాక తగ్గిన బరువు అంతే ఉంటే బాగా చేశారు. అదే వందకు ఒక గ్రాము తగ్గితే మొత్తం 35 మైక్రాన్ల పైన పోయిందని అర్థం. మామూలు రంగు పార్టు అయితే అందులో సగానికి పైగా మంచి లోహమే.

8. మసి వదిలించడం

తీసిన పార్టు తళతళలాడుతుందని ఊహించినవాళ్లు ఇక్కడ కంగారుపడతారు. బూడిద రంగు, ఒక్కోసారి నల్లటి మసి పట్టి ఉంటుంది. పాడైపోలేదు. మిశ్రలోహంలో ఉండే రాగి, ఇనుము, సిలికాన్, మెగ్నీషియం లాంటివి కాస్టిక్‌లో కరగవు, పొడిలా పైన మిగిలిపోతాయి. 6061 అనే మిశ్రలోహ రకం మీద పలచని బూడిద రంగు వస్తుంది. 7075 అనే రకంలో రాగి ఎక్కువ కాబట్టి నల్లగా వస్తుంది.

ఫ్యాక్టరీల్లో దీన్ని నైట్రిక్ యాసిడ్‌లో ముంచి తీస్తారు. ఇంట్లో ఆ జోలికి వెళ్లొద్దు. ఇంట్లో చేయాల్సింది:

1. పారే నీళ్ల కింద రెండు నిమిషాలు కడగండి. గ్లవ్స్ తీయొద్దు.
2. లీటరు నీళ్లలో 50 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి అందులో పార్టును ఐదు నిమిషాలు ఉంచండి. ఇది మసిని పెద్దగా తీయదు, మిగిలిన కాస్టిక్‌ను చంపుతుంది.
3. అంట్లు తోమే లిక్విడ్, స్కాచ్ బ్రైట్‌తో ఒకే దిశలో రుద్దండి. సందుల్లో టూత్‌బ్రష్.
4. తెల్ల గుడ్డతో తుడిచి చూడండి. గుడ్డ నల్లబడడం తగ్గే దాకా మళ్లీ.

ఇనప పీచు వాడకండి. దాని రవ్వలు అల్యూమినియంలో గుచ్చుకుని, తర్వాత తుప్పు చుక్కలుగా పైకి తేలతాయి.

9. రంధ్రాల్లో మిగిలిన కాస్టిక్

చాలామంది వదిలేసే మెట్టు ఇదే. పైకి శుభ్రంగా ఉన్న పార్టు మూడు రోజుల తర్వాత బోల్టు రంధ్రం చుట్టూ ఉప్పు పూసినట్టు తెల్లగా మారుతుంది. రంధ్రం అడుగున మిగిలిన కాస్టిక్ తడి మెల్లగా పైకి పాకుతోందన్నమాట. ఆ థ్రెడ్ లోపల నుంచి తింటూనే ఉంటుంది.

మూతలన్నీ తీసి, ఒక్కో రంధ్రంలోకి సిరంజితో ముందు నిమ్మ ఉప్పు నీళ్లు, తర్వాత మామూలు నీళ్లు ఐదారుసార్లు కొట్టండి. బయటికొచ్చిన నీటి చుక్కను పీహెచ్ కాగితం మీద వేయండి. మీ కుళాయి నీళ్ల చుక్కతో పోల్చండి. రెండూ ఒకే రంగు తేలితే చాలు. తర్వాత హెయిర్ డ్రయ్యర్‌తో వేడిగాలి పట్టి ఆరబెట్టండి.

10. ఫినిష్

కాస్టిక్ నుంచి వచ్చిన పార్టు మసకగా, పాలపొరలా ఉంటుంది. కొందరికి అదే నచ్చుతుంది. అలా వదిలేస్తే వేలిముద్రలు బాగా పడతాయని మాత్రం గుర్తుంచుకోండి.

శాటిన్ కావాలంటే మెరూన్ రంగు స్కాచ్ బ్రైట్, తర్వాత బూడిద రంగుది, పార్టు పొడవు వెంట ఒకే దిశలో. అరగంట పని. రోజూ వాడే పార్టులకు ఇదే సరైనది, గీత పడితే మళ్లీ రెండు రుద్దులతో కలిసిపోతుంది.

అద్దంలా కావాలంటే వాటర్ పేపర్ 400తో మొదలుపెట్టి 600, 800, 1000, 1500, 2000. ప్రతి మెట్టులోనూ నీళ్లు, ఒక చుక్క సబ్బు. ఒక పేపర్ అడ్డంగా, తర్వాతది నిలువుగా రుద్దండి. ముందటి పేపర్ గీతలు పూర్తిగా మాయమైతేనే తర్వాతదానికి వెళ్లాలి. 400 గీత ఒక్కటి మిగిలినా పాలిష్ అయ్యాక అదే కంటికి కొట్టొచ్చినట్టు కనబడుతుంది, మళ్లీ వెనక్కి రావాలి. ఆఖర్న మెత్తటి గుడ్డ మీద బ్రాసో లాంటి మెటల్ పాలిష్. గుడ్డ నల్లబడుతుంది, అది మామూలే.

లివర్ల మీద అంచులను గుండ్రంగా అరగదీయకండి. పివట్ రంధ్రం చుట్టూ ఎమరీ పెట్టొద్దు, లివర్ వదులై ఆడుతుంది.

వట్టి అల్యూమినియం గాలి తగలగానే తనంతట తానే ఆక్సైడ్ పొర కట్టుకుంటుంది గానీ అది మైక్రాన్‌లో వందో వంతు కూడా ఉండదు. హైదరాబాద్ లాంటి చోట నెలకోసారి కారు వ్యాక్స్ రాస్తే సరిపోతుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రం పక్క ఊళ్లలో ఉప్పుగాలికి కొన్ని వారాల్లోనే తెల్లటి చుక్కలు మొదలవుతాయి. అక్కడ మెటల్‌కు పట్టే క్లియర్ కోట్ కొట్టడం మంచిది. కొట్టే ముందు పాలిష్ తాలూకు జిడ్డంతా ఐసోప్రొపైల్‌తో తీసేయాలి, లేకపోతే పొరలు పొరలుగా ఊడుతుంది. అద్దంలా పాలిష్ చేసిన దాని మీద క్లియర్ కోట్ సరిగా పట్టదు. కోట్ వేయదలుచుకుంటే 800 పేపర్ దగ్గరే ఆగండి.

11. వాడిన ద్రావణం ఏం చేయాలి

మూత బిగించి దాచకండి. అందులో అల్యూమినియం రవ్వలు మిగిలి ఉంటే హైడ్రోజన్ వస్తూనే ఉంటుంది, డబ్బా ఉబ్బి పగులుతుంది. వాటర్ బాటిల్‌లో పోయడం అంతకన్నా ప్రమాదం, ఎవరో ఒకరు తాగేస్తారు.

120 గ్రాముల కాస్టిక్‌ను చల్లార్చడానికి సుమారు 200 గ్రాముల నిమ్మ ఉప్పు కావాలి. కిరాణా కొట్టు వెనిగర్‌తో అయితే మూడున్నర లీటర్ల పైనే పడుతుంది. నిమ్మ ఉప్పును ముందు నీళ్లలో కరిగించి, కొంచెం కొంచెంగా పోస్తూ కలపండి. వేడెక్కుతుంది, తొందరపడొద్దు. తెల్లటి జిగురు లాంటిది తేలొచ్చు, అది అల్యూమినియం హైడ్రాక్సైడ్. పీహెచ్ 7, 8 మధ్యకి వచ్చాక తేరనిచ్చి, పై నీళ్లను ఎక్కువ నీళ్లతో కలిపి మునిసిపల్ డ్రైనేజీలోకి వదలండి. అడుగున మిగిలింది పాత పేపర్ మీద ఆరబెట్టి చెత్తలో వేయండి. సెప్టిక్ ట్యాంకులోకి, మొక్కల్లోకి, వీధి కాలువలోకి వద్దు.

మిగిలిన కాస్టిక్ రేకులు గాలిలోని తేమ పీల్చుకుని ముద్దవుతాయి, బలం తగ్గుతుంది. గట్టి ప్లాస్టిక్ డబ్బాలో, పేరు రాసి, వంటింటికి దూరంగా పెట్టండి. చూడ్డానికి కలకండ పలుకుల్లా ఉంటాయని మరవద్దు.

12. తేడా వస్తే

పది నిమిషాలైనా కదలిక లేదు. ముందు లాకర్ ఉందేమో అసిటోన్‌తో మళ్లీ చూడండి. లేదంటే కాస్టిక్ పాతది, లేదా హార్డ్ ఆనోడైజింగ్. గాఢత పెంచే ముందు ఇంకో ఐదు నిమిషాలు ఆగండి. అప్పటికీ రాకపోతే లీటరుకు పది గ్రాములు కలపండి. పార్టు బయటికి తీశాకే కలపాలి.

బుడగలు ఒక్కసారిగా ఉధృతమయ్యాయి, బకెట్ వేడెక్కింది. చర్య పుట్టించిన వేడి చర్యనే ఇంకా పెంచుతోంది. పార్టును జిప్ టై పట్టుకుని తీసి నీళ్లలో వేయండి. బకెట్‌లోకి నీళ్లు గుమ్మరించకండి, చిమ్ముతుంది. దూరంగా నిలబడి చల్లారనివ్వండి.

పార్టు మీద మంచు పట్టిన గాజులా గరుకు వచ్చింది. ఎక్కువసేపు ఉంచారు. గుంటలు కంటికి కనబడనంత సన్నగా ఉంటే 320 పేపర్‌తో మొదలుపెట్టి పైకి వెళ్లండి. గోరు తగిలేంత గుంటలుంటే, అది బరువు మోసే పార్టయితే, పక్కన పడేయాల్సిందే.

పొడవునా సన్నని చారలు తేలాయి. ఎక్స్‌ట్రూషన్ చేసిన (అచ్చులోంచి పొడవుగా తోసి తీసిన) అల్యూమినియంలో రేణువుల వరుసలవి. లోపం కాదు. 400, 600తో పోతాయి.

బోల్టు వదులుగా తిరుగుతోంది. థ్రెడ్ తినేసింది. థ్రెడ్‌లాక్ పూసి సరిపెట్టుకోకండి. లేత్ పని చేసేవాళ్ల దగ్గర హెలికాయిల్ (కొత్త థ్రెడ్‌గా పనిచేసే స్టీలు తీగ చుట్ట) వేయించండి. బ్రేక్ లివర్ అయితే మార్చేయండి.

13. బిగించే ముందు

వట్టి అల్యూమినియంలో స్టీలు బోల్టు తడి తగిలితే పట్టేస్తుంది. ఆనోడైజింగ్ ఉన్నప్పుడు మధ్యలో కరెంటు పారని పొర ఉండేది, ఇప్పుడు లేదు. ప్రతి థ్రెడ్‌కూ గ్రీజు లేదా యాంటీ సీజ్ (బోల్టు పట్టేయకుండా రాసే పేస్టు) రాసి బిగించండి. గ్రీజు రాసిన బోల్టు తేలిగ్గా ఎక్కువ బిగుసుకుంటుంది కాబట్టి టార్క్ రెంచ్ మీద పార్టుకు చెప్పిన అంకెలో కింది అంచు తీసుకోండి.

లివర్ బిగించాక బండిని స్టాండు మీద ఉంచి బ్రేక్, క్లచ్ యాభైసార్లు నొక్కి వదలండి. లివర్ తనంతట తాను పూర్తిగా వెనక్కి రావాలి, బ్రేక్ లైటు ఆరాలి. మొదటి వారం తర్వాత బోల్టులు ఒకసారి చూడండి, ఆ రంధ్రాల చుట్టూ తెల్లటి పూత ఏమైనా వచ్చిందేమో కూడా. వచ్చి ఉంటే తొమ్మిదో మెట్టు మళ్లీ చేయాలి.